గగనమార్గపు కావలివారి చదువు



ఒక వృత్తి లోకమున పుట్టినంతమాత్రమున దానికి పాఠశాల పుట్టదు. మొదట పని పుట్టును. దానిని ఎవరో కొందరు తమకు తోచినట్లు చేయుదురు. ఆ చేయుటలో పొరపాట్లు జరిగి జనులు నష్టపోవుదురు. అప్పుడు నియమములు పుట్టును. ఆ నియమములను నేర్పుటకై చిట్టచివర బడి పుట్టును. వైద్యమునకును, న్యాయవాదమునకును ఈ క్రమము పూర్తియగుటకు శతాబ్దములు పట్టినవి. నేను నేడు చెప్పబోవు వృత్తికి వయస్సు నూరేండ్లకు కొంచెము పైమాట. అది ఆకాశమున పోవు విమానములకు నేలమీద కూర్చుండి త్రోవ చెప్పు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరు వృత్తి.

ఇంత స్వల్పకాలములో ఈ వృత్తికి చదువు ఎట్లు ఏర్పడినది? దానిని ఎవరు ఎవరికి నేర్పిరి? అందులో విశ్వవిద్యాలయము నేర్పగలది ఎంత, గురువు ప్రక్కన కూర్చుండి నేర్వవలసినది ఎంత? ఇవి నా ప్రసంగవిషయములు. ఈ కథ ఎక్కువభాగము అమెరికా సంయుక్తరాష్ట్రములలో నడచినది. అచ్చట ఈ చదువు కట్టబడుటయు, ఒకసారి విరిగిపోవుటయు, మరల అతుకబడుటయు అందరి కన్నులయెదుట జరిగినవి. కావున ముందు అచ్చటి సంగతులు చెప్పి, పిమ్మట మన దేశమునకును, మన హైదరాబాదునకును వచ్చెదను.

మొదట ఆ పని ఎట్టిదో తెలిసికొందము. విమానమెక్కినవారికి పైలటు కంఠము వినబడును. పరిచారికల ముఖములు కనబడును. కంట్రోలరు మాత్రము వారికి కనబడడు, వినబడడు. అయినను విమానము నేలమీద కదలుటకు, పరుగుదారి నెక్కుటకు, పైకి లేచుటకు, ఫలానా ఎత్తున పోవుటకు, దిగుటకు, ప్రతిదానికి అతని అనుమతి కావలెను. ఇద్దరు బండివాండ్రు ఇరుకుదారిలో ఎదురుపడినచో బండ్లు నిలిపి మాటలాడుకొందురు. రైలుబండిని తక్కెడమ్రాను దించి నిలుపవచ్చును. ఆకాశమున నిలుచుట అను మాటయే లేదు. విమానము పోవుచునే యుండవలెను. కావున కంట్రోలరు జరుగుచున్నదానిని చూచినంత చాలదు, పది నిమిషముల తరువాత జరుగబోవుదానిని ఇప్పుడే చూడవలెను. రాడారు గల చోట్ల దూరమార్గములలో సాధారణముగా ఒక విమానమునకు మరియొకదానికి నడుమ 5 నాటికల్ మైళ్లయినను ఎడముండవలెను. విమానాశ్రయము దగ్గర అది 3 మైళ్లు. అంత ఎడము లేనిచో ఒకటి మరియొకదానికంటె కనీసము 1,000 అడుగులు ఎత్తుగానో పల్లముగానో పోవలెను. వినుటకు ఇది సులభమైన లెక్కవలె తోచును. అయితే వేరువేరు వేగములతో వేరువేరు దిక్కులకు పోవు పది పదునైదు విమానములకు ఒకేసారి ఈ లెక్క వేయుచు, తడబడక మాటలాడవలసియున్నప్పుడు అది చిన్న లెక్క కాదు.

ఈ పని తొలుత ఇంగ్లండులో పుట్టినది. లండను నగరమునకు దక్షిణమున క్రాయ్డన్ అను చోట 1920లో ఒక గోపురము కట్టి, అందుండి విమానముల రాకపోకలను గమనించి రేడియోమూలమున వార్తలు చెప్పసాగిరి. 1922వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన ఉత్తర ఫ్రాన్సులో, పొగమంచులో, లండనునుండి పారిసునకు పోవు విమానమొకటియు, పారిసునుండి లండనునకు పోవునదియు ఎదురెదురుగా ఢీకొని ఏడుగురు మరణించిరి. ప్రయాణికుల విమానములు రెండు ఆకాశమున ఢీకొనుట అదే మొదలు. కారణము వినినచో ఆశ్చర్యము కలుగును. ఇద్దరు పైలటులును క్రిందనున్న ఒకే రహదారిని చూచుకొనుచు దాని వెంబడి వచ్చుచుండిరి. పిమ్మట నేలమీది దారుల వెంట పోవునప్పుడు కుడివైపున పోవలెనను నియమము ఏర్పడినది. ఆ 1922లోనే క్రాయ్డన్‌లో పనిచేయుచున్న జిమ్మీ జెఫ్స్ అనునతనికి కంట్రోలరుగా ఒకటవ నంబరు అనుమతిపత్రము ఇచ్చిరి. అతనికి ఆ విద్య నేర్పిన బడి ఏదియు లేదు. తాను చేయుచు నేర్చుకొనినదే అతని చదువు.

అమెరికాలో ఈ వృత్తికి ఆదిపురుషుడుగా ఆర్చీ లీగ్‌ను చెప్పుదురు. అతడు విమానములు నడిపినవాడు, మరమ్మతులు తెలిసినవాడు. 1929లో సెయింట్ లూయీ నగరపు విమానాశ్రయమువారు అతనిని పనిలో పెట్టుకొనిరి. అతని కార్యాలయ మేదనగా ఒక తోపుడుబండి. ఉదయము ఆ బండిలో ఒక మడతకుర్చీ, ఎండకు పెద్ద గొడుగు, వ్రాసికొనుటకు పుస్తకము, త్రాగునీరు, మధ్యాహ్నపు భోజనము, రెండు జెండాలు వేసికొని పరుగుదారి చివరకు తోసికొనిపోవును. ఎఱ్ఱజెండా చూపినచో విమానము ఆగవలెను. గళ్లజెండా చూపినచో సాగవలెను. చలికాలమున పైలటుల మందపు కోటు తొడుగుకొని అచ్చటనే కూర్చుండును. ఈ తోపుడుబండి మనిషి 1937లో ప్రభుత్వపు ఉద్యోగమున చేరి, ముప్పదియారేండ్లు పనిచేసి, 1973లో దేశపు వైమానిక రాకపోకల శాఖకు ఉన్నతాధికారిగా విరమించెను. ఆ వృత్తియొక్క బాల్యమును, యౌవనమును ఒక మనుష్యుని ఉద్యోగకాలములోనే ఇమిడిపోయినవి!

1930లో క్లీవ్‌లాండ్ నగరమున రేడియో గల గోపురము వచ్చినది. జెండాలు పోయి మాట వచ్చినది. అయినను గోపురమునుండి కనుచూపుమేర మాత్రమే పాలన. ఆ మేర దాటిన పిమ్మట మేఘములలో ఏ విమానము ఎచ్చట నున్నదో చూచువాడు లేడు. 1935 డిసెంబరు 1వ తేదీన విమానకంపెనీలే కొన్ని కూడి, న్యూయార్కు ప్రక్కనున్న న్యూఆర్క్‌లో ఒక కేంద్రమును తెరచినవి. మరుసటి యేడు చికాగోలోను, క్లీవ్‌లాండ్‌లోను అట్టివే వెలసినవి. ఒక పెద్ద బల్లమీద దేశపటము పరచి, ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క చిన్న బిళ్ల పెట్టి, వార్త వచ్చినకొలది దానిని ముందునకు జరుపుచుందురు. పైలటుతో వారు నేరుగా మాటలాడుటకు వీలులేదు. కంపెనీవారికి టెలిఫోను చేయవలెను, వారు పైలటునకు రేడియోలో చెప్పవలెను. 1936 జూలై 6వ తేదీన ప్రభుత్వము ఈ మూడు కేంద్రములను తన చేతిలోనికి తీసికొన్నది. ఆ తొలి ఉద్యోగులు పదునైదుగురు. వారికి గురువులు లేరు, పాఠ్యపుస్తకములు లేవు. పగలు చేసిన పనిలోని చిక్కులను సాయంకాలము చర్చించుకొని వ్రాసికొనిన నియమములే తరువాతివారికి పాఠములైనవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ పని ఒక్కసారి పెరిగినది. పురుషులు యుద్ధమునకు పోగా స్త్రీలను చేర్చుకొని నేర్పిరి. వారు ఆ పనిని నిపుణముగా నిర్వహించిరి. యుద్ధము ముగియగానే రాడారు పౌరవిమానములకు వచ్చినది. అంతవరకు కంట్రోలరు విమానమును చెవితోనే చూచెడివాడు. ఇక కంటితో చూడసాగెను. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగోలో అనేక దేశములవారు కూడి ఒడంబడిక చేసికొనగా, దాని ఫలముగా అంతర్జాతీయ పౌరవిమాన సంస్థ ఏర్పడినది. 1948లో ఆ సంస్థ పైలటులకును ఇతర సిబ్బందికిని అనుమతిపత్రములిచ్చు నియమావళిని అంగీకరించెను. ఆ నియమావళి ప్రకారము నేడు కంట్రోలరునకు ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. వైమానిక చట్టము, వాతావరణశాస్త్రము, మార్గనిర్ణయవిద్య, యంత్రపరిజ్ఞానము, మానవస్వభావపు బలహీనతలు, భాష, ఇవి అన్నియు తెలిసియుండవలెను. ఇక అమెరికాలో 1946లో ఓక్లహోమా నగరమున విమానశాఖవారు ఒక కేంద్రము స్థాపించిరి. పిమ్మట అందులో పెరిగిన అకాడమీయే ఆ దేశపు కంట్రోలరులకు గురుకులమైనది.

అయినను దేశము ఈ చదువు విలువను తెలిసికొన్నది 1956లో. ఆ సంవత్సరము జూన్ 30వ తేదీ ఉదయము లాస్ ఏంజిలిస్‌నుండి రెండు పెద్ద విమానములు మూడు నిమిషముల వ్యవధిలో బయలుదేరినవి. ఒకటి 21,000 అడుగుల ఎత్తున పోవుచుండెను. రెండవది తనకును ఆ యెత్తు కావలెనని కోరగా మొదట వీలులేదనిరి. పిమ్మట మేఘములపైన 1,000 అడుగుల ఎత్తున, కన్నులతో చూచుకొనుచు పొమ్మని అనుమతించిరి. ఆ మేఘములపైన వేయి అడుగులును తుదకు ఆ 21,000 అడుగులే ఐనవి. రెండును ఒకే చోటికి ఒకే సమయమునకు చేరుననెడి వార్త ఒక కంట్రోలరు బల్లమీదికి వచ్చినది. వారిని హెచ్చరించు విధి అప్పటి నియమముల ప్రకారము అతనికి లేదు. గ్రాండ్ కాన్యన్ అను మహాలోయపైన రెండును ఢీకొని 128 మంది మరణించిరి. ఒక్కరును బ్రతుకలేదు. దేశమంతయు అట్టుడికినట్లు ఉడికినది. 1958లో కొత్త చట్టము చేసి, దేశపు ఆకాశమునంతటిని ఒకే ప్రభుత్వసంస్థ క్రిందికి తెచ్చిరి. రాడారులు పెరిగినవి. వాటిముందు కూర్చుండువారు వేలసంఖ్యలో కావలసివచ్చిరి. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లని మనవారు చెప్పు మాట ఇచ్చట అక్షరాల నిజమైనది. అయితే ఆ బావి త్రవ్వబడుటవలన తరువాతి ఇండ్లు ఎన్నియో నిలిచినవి అనుటయు నిజమే.

ఆ చదువు ఎట్లు నడచునో కొంచెము వివరించెదను. అందు మూడు మెట్లు కలవు. మొదటి మెట్టు తరగతి. నియమములు, పటములు, మేఘముల స్వభావము, విమానముల జాతులు, నిర్ణీతమైన పలుకుబడి, ఇవి అచ్చట వల్లెవేయింతురు. దేశపటములోని తమ భాగమును కాగితముమీద చూడక గీయగలిగినవరకు వదలరు. రెండవ మెట్టు ఉత్తుత్తి ఆకాశము. యంత్రముతో కృత్రిమముగా రాడారుతెర కల్పించి, లేని విమానములను ఉన్నట్లు చూపింతురు. వేరొక గదిలో కూర్చున్నవారు పైలటులవలె జవాబు చెప్పుదురు. అచ్చట విద్యార్థి ఎన్ని విమానములను ఢీకొట్టించినను ప్రాణహాని లేదు. మార్కులు మాత్రమే పోవును. చాలినన్ని మార్కులు రానివారిని ఇంటికి పంపుదురు. ఆ మెట్టుమీదనే ఆశలు భగ్నమైనవారు అనేకులు.

మూడవ మెట్టు అన్నిటికంటె కష్టమైనది. విద్యార్థిని నిజమైన గోపురమునకో, రాడారు కేంద్రమునకో పంపి, అనుభవశాలియైన కంట్రోలరు ప్రక్కన కూర్చుండబెట్టుదురు. ఇద్దరి చెవులకును ఒకే రేడియో తగిలింపబడి యుండును. విమానములు నిజమైనవి, అందలి ప్రాణములు నిజమైనవి. శిష్యుడు మాటలాడుచుండగా గురువు మౌనముగా వినుచుండును. శిష్యుడు తప్పు పలికినచో గురువు మీట నొక్కి, ఆ మాటను త్రోసివేసి తాను పలుకును. జరిగినదానికి బాధ్యుడు గురువే. కాబట్టి గురువునకు రెండు పరీక్షలు. ముందుగానే అడ్డుపడినచో శిష్యుడు నేర్వడు. ఆలసించినచో విమానములు దగ్గరపడును. ఎంతవరకు ఓర్చుకొనవలెనో తెలిసినవాడే అచ్చట గురువు. ఈ మెట్టు ఒకటినుండి మూడేండ్లవరకు సాగును. ఒక చోట నెగ్గినవాడు మరియొక చోటికి మారినచో, ఆ చోటి దారులకై మరల శిష్యుడు కావలసినదే.

ఇంత కాలము ఏల పట్టవలెను? ఆ వృత్తిలోనివారు దానికొక మాట చెప్పుదురు. మంచి కంట్రోలరు మనస్సులో ఎల్లప్పుడు ఒక చిత్రము నిలిచియుండునట. తెరమీద చుక్కలుగా కనబడునది అతని తలలో ఎత్తు, పల్లము, వేగము గల ఆకాశమై కదలుచుండును. ఆ చిత్రము ఉన్నంతసేపు పదునైదు విమానములును చేతిలో ఉన్నట్లే. అది ఒక్కసారి చెదిరినచో మూడు విమానములును భారమే. ఆ చిత్రమును మనస్సున నిలుపుకొనుట ఏ పుస్తకమును నేర్పలేదు. గోదావరిమీద లాంచి నడపు సరంగు ఇసుకమేటలు ఎచ్చట పెరిగినవో నీటి రంగుచూచి గ్రహించుట ఎట్లు నేర్చినాడు? మునుపు గ్రామములలో కరణము కొడుకు తండ్రి దస్తరము ప్రక్కన కూర్చుండి భూముల లెక్కలు ఎట్లు నేర్చినాడు? పెద్దవాడు చేయుచుండగా చూచి నేర్చినాడు. ఈ కొత్త విద్యయు తుదకు ఆ పాత పద్ధతినే ఆశ్రయించినది.

అట్టి పద్ధతికి ఒక బలహీనత కలదు. గురువులు ఒక్కసారి లేకపోయినచో శిష్యులను ఎవరు తీర్చిదిద్దుదురు? 1981లో అమెరికాలో అదియే జరిగినది. ఆగస్టు 3వ తేదీన సుమారు 13,000 మంది కంట్రోలరులు జీతము హెచ్చించవలెననియు, వారమునకు పనిగంటలు తగ్గించవలెననియు సమ్మె చేసిరి. ప్రభుత్వోద్యోగులు సమ్మె చేయుట అచ్చటి చట్టమునకు విరుద్ధము. అధ్యక్షుడు రేగన్ నలుబది యెనిమిది గంటల గడువిచ్చి, ఆగస్టు 5వ తేదీన, మరలిరానివారిని 11,345 మందిని తొలగించెను. వారు మరల ఆ కొలువున చేరుటకు వీలులేకుండ చేసిరి. 1993వరకు ఆ నిషేధము తొలగలేదు. ఆ సమ్మెలో న్యాయము ఎవరి పక్షమున నున్నదను వాదము నేటికిని అచ్చట తెగలేదు. ఇరుపక్షముల వాదములును బలమైనవే. నేను చెప్పదలచినది వేరు.

మిగిలిన కొందరును, పర్యవేక్షకులును, సైన్యమునుండి వచ్చిన కంట్రోలరులును కూడి పని నడపిరి. పెద్ద విమానాశ్రయములలో విమానముల సంఖ్య తగ్గించిరి. ఓక్లహోమాలో తరగతులు పెంచి కొత్తవారిని వేగముగా చేర్చుకొనిరి. తరగతిగదులు పెంచుట సులభమే. కొత్తవాడు తరగతినుండి బయటకు వచ్చి ఎవరి ప్రక్కన కూర్చుండవలెను? ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలసినవారే వెళ్లిపోయిరి. మిగిలినవారు తమ పనియు, వెళ్లినవారి పనియు చేయుచు, నడుమ నేర్పవలెను. సిబ్బంది మరల పూర్వపు నిండుదనమునకు వచ్చుటకు ఏండ్లు పట్టినది. అంతటితో ముగియలేదు. 1972నాటి చట్టముచే కంట్రోలరులు ఏబదియారేండ్లకు విరమింపవలెను. ముప్పదియొకటి దాటినవారిని సాధారణముగా కొత్తగా చేర్చుకొనరు. 1981 పిమ్మట ఒక్కసారి చేరినవారందరును, పాతిక యేండ్ల పిమ్మట, ఒకరి వెంట నొకరు విరమింపసాగిరి. ఒక్కసారి నాటిన తోట ఒక్కసారే ముదిరినది. ఒక సంవత్సరము తెగిన గొలుసు ఒక తరము పిమ్మట మరల తెగినట్లైనది.

ఈ సందర్భముననే విశ్వవిద్యాలయములు రంగమునకు వచ్చినవి. 1990 ప్రాంతమున విమానశాఖ కొన్ని కళాశాలలతో ఒప్పందములు చేసికొన్నది. ఫ్లోరిడాలోని ఎంబ్రీ-రిడిల్, ఉత్తర డకోటా విశ్వవిద్యాలయము మున్నగునవి కంట్రోలరు విద్యను పట్టపరీక్షలో భాగముగా నేర్పసాగినవి. రెండేండ్లు నేర్పు చిన్న కళాశాలలు కూడ చేరినవి. 2013 నాటికి ఇట్టివి ముప్పదియారు. అచ్చట విద్యార్థి గణితము, భౌతికశాస్త్రము, వాతావరణము, చట్టము చదువును. ఉత్తుత్తి గోపురములోను, ఉత్తుత్తి రాడారుముందును అభ్యసించును. అట్టి పట్టము గలవారు ఓక్లహోమాకు పోయినప్పుడు మొదటి కొన్ని వారముల ప్రాథమిక పాఠములు వినవలసిన పనిలేదు. అకాడమీకి భారము తగ్గినది, విద్యార్థికి ముందుగానే ఆ వృత్తి రుచి తెలిసినది.

అయితే ఇందు ఒక చిక్కు కలదు. పట్టము ఇచ్చునది విశ్వవిద్యాలయము, ఉద్యోగము ఇచ్చునది ప్రభుత్వము. రెండింటికిని నడుమ నున్న త్రాడు గట్టిది కాదు. 2014లో ప్రభుత్వము చేర్చుకొను పద్ధతిని హఠాత్తుగా మార్చినది. ఈ కళాశాలల పట్టభద్రులకు అంతవరకు గల ప్రాధాన్యము పోయినది. అభ్యర్థి జీవితవివరములను గూర్చి ఒక ప్రశ్నావళి పెట్టి, అందులో నిలువనివారిని ముందే తొలగించిరి. ఏండ్లు చదివి, అప్పుచేసి ఫీజులు కట్టి, పూర్వపు పరీక్షలో మంచి మార్కులు పొందినవారు కూడ ఆ ప్రశ్నావళివద్ద ఆగిపోయిరి. న్యాయస్థానములో దావా పడినది. 2016లో అచ్చటి శాసనసభ చట్టము చేసి ఆ పద్ధతిని సవరించినది. ఏ పాఠశాలకైనను ఇది గమనింపదగిన సంగతి. విద్యార్థికి ద్వారము చూపి చదివించి, చదువు ముగియునాటికి ద్వారము మార్చుట అతని యౌవనమునకు చేసిన అన్యాయము.

2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు ఓక్లహోమా అకాడమీ కొన్ని నెలలు మూతపడెను. అకాడమీ ఒక్కటియే యైనప్పుడు దాని తలుపు మూసినచో దేశమంతటికిని మూసినట్లే గదా. దాని పిమ్మట విమానశాఖవారు విశ్వవిద్యాలయములవైపు మరల చూచిరి. 2024లో ఓక్లహోమా విశ్వవిద్యాలయమును, టల్సా కమ్యూనిటీ కాలేజియును మొట్టమొదట ఒక కొత్త ఒప్పందము చేసికొన్నవి. అకాడమీలో నేర్పునదంతయు, అదే కొలతతో, ఆ విద్యాలయములే నేర్పును. విద్యార్థులు విమానశాఖవారి పరీక్షలో నెగ్గినచో అకాడమీకి పోకుండ నేరుగా గోపురమునకో, రాడారు కేంద్రమునకో పోవచ్చును. కాని గమనింపుడు: ఆ మూడవ మెట్టు, అనగా పెద్దవాని ప్రక్కన కూర్చుండుట, వీరికిని తప్పలేదు. విశ్వవిద్యాలయము రెండు మెట్లు ఎక్కింపగలిగినది. మూడవది దాని చేతిలో లేదు.

ఈ విషయమున అన్ని దేశములును ఒకే త్రోవ పట్టలేదు. ఇంగ్లండులోను, జర్మనీలోను పట్టము అడుగరు. పాఠశాల చదువు ముగించిన యువకులను కఠినమైన పరీక్షలతో వడపోసి, తమ సంస్థలోనే నేర్పుదురు. లేతవయస్సున మనస్సు చురుకుగా పట్టుకొనునని వారి వాదము. మన దేశమున పట్టము తప్పనిసరి. భౌతికశాస్త్రము, గణితము చదివిన సైన్సు పట్టభద్రులకో, ఇంజనీరులకో మాత్రమే ఈ పరీక్ష వ్రాయు అర్హత కలదు. గట్టి పునాది గలవాడు యంత్రము మారినప్పుడు కూడ తడబడడని మన వాదము. రెండింటిలోను సత్యమున్నది. పునాది లేనివాడు కొత్త యంత్రమునకు బానిస యగును. పునాది మాత్రమే గలవాడు పదునైదు విమానముల నడుమ నోరు పెగలక కూర్చుండును.

మన దేశపు సంగతి వచ్చినది గనుక కొంచెము చెప్పెదను. 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదునుండి యమునానది దాటి నైనీవరకు ఉత్తరములను విమానముమీద కొనిపోయిరి. విమానమున అధికారికముగా తపాలా సాగుట లోకమున అదియే తొలిసారి యని చెప్పుదురు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, అదే అలహాబాదులో పౌరవిమాన శిక్షణకేంద్రము వెలసినది. ఆ నగరమునకు 2018లో ప్రయాగరాజ్ అని పేరు మారినను ఆ కేంద్రము నిలిచియున్నది. మన దేశపు కంట్రోలరులలో అనేకులు అచ్చట చదివినవారే. 1995లో ఏర్పడిన భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ వీరిని పరీక్షలద్వారా ఎన్నుకొని నేర్పుచున్నది. మన తెలుగునాట హైదరాబాదులోని బేగంపేటయందును ఈ సంస్థ శిక్షణకేంద్రము కలదు. ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో బేగంపేటను వీడి శంషాబాదునకు తరలినవి. జనుల సందడి పోయినను అచ్చట యువకులు ఉత్తుత్తి విమానములను దింపుచు, ఎక్కించుచు ఈ విద్య నేర్చుచున్నారు. గ్రామములలో చదివి, ఇంగ్లీషు మాటలాడుటకు మొదట జంకిన పిల్లలు ఆ గదులలో ప్రపంచపు పైలటులతో మాటలాడుటకు సిద్ధపడుట మనము గర్వింపదగినది.

భాషమాట ఊరక చెప్పలేదు. 1996 నవంబరు 12వ తేదీన ఢిల్లీ సమీపమున చర్ఖీ దాద్రీ అను చోట రెండు విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. ఆకాశమున రెండు విమానములు ఢీకొనిన ప్రమాదములలో ఇంత ప్రాణనష్టము మరి యెన్నడును జరుగలేదు. ఢిల్లీలోని కంట్రోలరు సరియైన ఆజ్ఞలే యిచ్చెను. ఒకదానిని 14,000 అడుగులకును, దిగివచ్చుదానిని 15,000 అడుగులకును కేటాయించెను. దిగివచ్చు విమానము 15,000 అడుగులవద్ద నిలువక ఇంకను దిగినది. అందలి సిబ్బందికి ఇంగ్లీషు చక్కగా రాకపోవుటయు కారణములలో ఒకటిగా విచారణలో తేలినది. విమానముల ఎత్తును తెరమీద చూపు రాడారు అప్పుడు ఆ కంట్రోలరు చేతిలో లేదు. మాట వినబడినదా లేదా యనుటకు మాటయే సాక్షి. పిమ్మట ఎత్తు చూపు రాడారు వచ్చినది. వచ్చుదారులు, పోవుదారులు వేరైనవి. ఢీకొనకుండ హెచ్చరించు యంత్రమును విమానములలో తప్పనిసరి చేసిరి. కంట్రోలరులకును, పైలటులకును ఇంగ్లీషు పరిజ్ఞానపు పరీక్ష అంతర్జాతీయముగా 2008నుండి అమలునకు వచ్చినది. మరల అదే క్రమము: ముందు నష్టము, పిమ్మట నియమము, దాని వెనుక పాఠము.

ఇంతవరకు చెప్పినదానినుండి నేను గ్రహించిన సారమిది. ఈ వృత్తిలో విశ్వవిద్యాలయమునకు ఒక గౌరవమైన స్థానము కలదు. అది పునాది వేయును, జల్లెడ పట్టును, అకాడమీ ఒక్కటియే మోయలేని బరువును పంచుకొనును. కాని అది కంట్రోలరును తయారుచేయదు. కంట్రోలరును తయారుచేయునది మరియొక కంట్రోలరు. కావున కొత్తవారిని ఎంతమందిని చేర్చుకొంటిమి అను లెక్కకంటె, వారి ప్రక్కన కూర్చుండుటకు ఎంతమంది పెద్దలకు తీరిక యున్నది అను లెక్క ముఖ్యము. పెద్దలను అలసిపోవునట్లు పనిచేయించి, సరిపడక వెళ్లిపోనిచ్చి, పిమ్మట కొత్త భవనములు కట్టినచో ఆ లోటు తీరదు. నేర్పువానికి ఇచ్చు గంట కూడ పనిగంటయే యని ఎంచిన దేశము ముందుచూపు గలది.

ఇంకొక మాట. మన యువతీయువకులలో ఈ విద్యవైపు చూచువారికి నేను చెప్పదలచినది: పట్టము సంపాదించుడు, గణితమును ప్రేమించుడు, మాటను పొదుపుగా, స్పష్టముగా పలుకుట అలవరచుకొనుడు. పరీక్షలో నెగ్గిన పిమ్మట మూడేండ్లు శిష్యులుగా నుండుటకు సిగ్గుపడకుడు. ఆ మూడేండ్లలో మీ ప్రక్కన కూర్చుండి, మీ తప్పును తన నెత్తిన వేసికొని, మీకు మాటలాడు అవకాశమిచ్చిన పెద్దవాడొకడుండును. ఒకనాడు మీ ప్రక్కను మరియొక బెదురుచూపుల పిల్లవాడు వచ్చి కూర్చుండును. అప్పుడు మీట నొక్కుటకు తొందరపడకుడు, ఆలసింపకుడు. విమానమున నిద్రించుచున్న ప్రయాణికునికి మీ యిద్దరి పేర్లును తెలియవు. అతడు క్షేమముగా ఇల్లు చేరుటయే మీకు గురుదక్షిణ.